అటక మీది గొడుగులు

గొడుగులు బాగుచేసే ఆ మనిషిని వీధి మొత్తం ‘చిటపటలు’ అని పిలిచేది. పేరు పెట్టిన పుణ్యాత్ముడెవడో తెలియదు గానీ, కొలతలు తీసి కుట్టినట్టు సరిపోయింది. కొట్టు తలుపు ఎత్తింది మొదలు దించేదాకా ఆయన నోటికి విశ్రాంతి ఉండేది కాదు. వాన పడితే, జనం గొడుగులు విరగ్గొట్టుకుని వచ్చి నెత్తినెక్కుతున్నారని తిట్టేవాడు. ఎండ కాస్తే, ఒక్కడూ గుమ్మం తొక్కడం లేదని తిట్టేవాడు. మబ్బు పట్టి కురవకుండా పోతే, చివరికి ఆకాశానిక్కూడా నిలకడ లేకుండా పోయిందని తిట్టేవాడు.

ఇంటికొచ్చి భోజనం ముందు కూర్చున్నాక మిగిలిన తిట్లు ఒలికేవి.

“సొంత కొట్టంటే ఏమిటో తెలుసా? మన గొయ్యి మనమే తవ్వుకుని, దానికి మనమే అద్దె కట్టడం.”

ఈ మాట ఆయన తన ఒక్కగానొక్క కూతురికి పాలతో పాటే పట్టించాడు. తాను బడి మానేసిన వయసుకు ఆ పిల్ల చేత లావుపాటి పుస్తకాలు పట్టించాడు. ఎప్పటికైనా అది ఎవరిదో కంపెనీలో, ఎవరిదో కుర్చీలో, ఎవరో బిల్లు కట్టే ఫ్యాను కింద కూర్చోవాలి. జ్వరమొస్తే సెలవు పెట్టాలి. సెలవు పెట్టినా జీతం రావాలి. ఆయన జీవితంలో కోరుకున్న కోరిక అదొక్కటే.

ఆ కోరిక తీరే రోజు వచ్చింది కూడా. అమ్మాయి విశ్వవిద్యాలయంలో ఆఖరి ఏడాదికొచ్చేసరికి పెద్ద కంపెనీ ఒకటి వచ్చి, ప్రశ్నలడిగి, రమ్మంది. సోమవారం పొద్దునకల్లా వస్తాననో రాననో చెప్పాలి. చెప్పడానికేముంది? చిటపటలు అప్పటికే వీధి మొత్తానికి చెప్పేశాడు. మంగలి కొట్లో రెండుసార్లు చెప్పాడు.

బుధవారం రాత్రి భోజనాల దగ్గర అమ్మాయి కంచంలోకి చూస్తూ, “నాన్నా, ఆ ఉద్యోగానికి రానని చెప్పేస్తాను” అంది.

ఆయన చెయ్యి నోటికీ కంచానికీ మధ్య ఆగిపోయింది.

“చెప్పేసి?”

“సొంతంగా మొదలుపెడతాను.”

“ఏం మొదలుపెడతావ్?”

“గొడుగులు.”

ఆయనకు పొలమారింది. దగ్గు ఆగలేదు. భార్య లేచి నెత్తిన తడుతూ, “ఎవరో తలుచుకుంటున్నట్టున్నారు” అంది.

“ఎవరో ఏమిటే, దరిద్రం తలుచుకుంటోంది!” అన్నాడు ఊపిరి తిప్పుకుని. “ఆ గొడుగుల్లోంచి దీన్ని బయట పడెయ్యడానికే కదే నా నడుం విరిగింది?”

అమ్మాయి తొణక్కుండా తన ఆలోచన చెప్పింది. వాన పడినప్పుడల్లా విశ్వవిద్యాలయం గేటు దగ్గర పిల్లలు చూరు కింద ఇరుక్కుని నిలబడతారు. బస్సు కనిపిస్తుంది, అందుకోలేరు. ఇక్కడ చూస్తే నాన్న కొట్టు అటక నిండా గొడుగులు. గేటు దగ్గర గొడుగు తీసుకోవాలి, పని అయ్యాక గేటు దగ్గరో కొట్లోనో తిరిగిచ్చి చిన్న అద్దె ఇవ్వాలి. అంతే.

“అవి మనవి కావు” అన్నాడాయన.

అది నిజమే. బాగుచెయ్యమని ఇచ్చి మళ్ళీ మొహం చూపించనివాళ్ళ గొడుగులవి. ఇచ్చినవాళ్ళలో కొందరు ఊళ్ళో లేరు, కొందరు భూమ్మీదే లేరేమో. అయినా ఆయన ఒక్కటీ అమ్మలేదు. ‘ఎప్పటికైనా వస్తారు’ అంటాడు. అడిగినవాళ్ళను కసురుకుంటాడు. ఆయన దగ్గరున్న వ్యాపార ధర్మం అదొక్కటే, అదీ నష్టం తెచ్చేదే.

“అమ్మట్లేదుగా నాన్నా, తిప్పుతున్నాం. అటక మీద పడుకోవడం కంటే వానలో తిరగడం గొడుక్కి మర్యాద కాదూ?”

“సొంత గొడుగునే బస్సులో మర్చిపోయే జనం, అద్దె గొడుగు వెతుక్కుంటూ వచ్చి ఇస్తారా? ఎవరే నీకీ పిచ్చి ఎక్కించింది?”

ఎవరో ఎక్కించారనే ఆయన నమ్మకం. పిల్లలకు వ్యాపారం గురించి పాఠాలు చెప్పే మేడం ఒకావిడ ఉందని విని ఉన్నాడు. ఇంకెవరు? మర్నాడు పొద్దున్నే ఆవిణ్ణి కడిగేద్దామని బయల్దేరాడు.

మేడం గది చిన్నది. కిటికీ అంచుదాకా కాగితాలు. తలుపు మూల తడి గొడుగొకటి, పుల్ల ఒకటి విరిగిన రెక్కలా బయటికి పొడుచుకుని ఉంది. ఆయన చూపు ముందు దాని మీదే పడింది.

“మీరేనా వాళ్ళ నాన్నగారు? రండి రండి, కూర్చోండి. మిమ్మల్ని చూడాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నాను” అంది మేడం.

పోట్లాటకొచ్చినవాడికి కుర్చీ చూపిస్తే సగం బలం అక్కడే పోతుంది. అయినా ఆయన తగ్గలేదు. “ఏం చెప్పారండీ మా పిల్లకి? చేతికొచ్చిన ఉద్యోగం వదులుకుంటానంటోంది.”

“నేనేం చెప్పలేదండీ, అడిగానంతే. పిల్లల్లో సొంతంగా ఏదైనా పెట్టాలన్న కోరిక ఎక్కణ్ణుంచి పుడుతుందో తెలుసుకోవడం నా పని. పుస్తకాల్లోంచా, స్నేహితుల వల్లా, ఇంట్లోనా అని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడిగాను. నా పాఠాల వల్లేనని ఒక్కరైనా అంటారేమోనని ఆశపడ్డాను.” మేడం నవ్వింది. “మీ అమ్మాయి, మా నాన్న వల్ల అంది.”

చదువుకున్నవాళ్ళకు ఇదొక విద్య. ఇంట్లో ఏం జరిగిందో ఇంట్లోవాళ్ళకే చెప్తారు, అదీ కుర్చీ వేసి మరీ చెప్తారు.

“నేనా? పుట్టిన దగ్గర్నుంచీ దానికి వద్దనే చెప్తున్నానండీ! రోజూ చెప్తున్నాను!”

“అదీ చెప్పింది. సాయంత్రం తిట్టుకుంటూ వస్తారట. కానీ పొద్దున కొట్టుకి బయల్దేరేముందు అద్దం దగ్గర రెండుసార్లు దువ్వుకుంటారట కదా? వీధి మలుపుదాకా ఈల వేసుకుంటూ వెళ్తారట. పని మీద నిజంగా విసుగున్నవాడు రెండోసారి ఎందుకు దువ్వుకుంటాడు మేడం, అని నన్నే అడిగింది.”

“ఈలా?” అన్నాడాయన నిజంగానే తెల్లబోయి. “నాకు ఈల వెయ్యడమే రాదండీ.”

“ఏమో మరి. ఇంకో అబ్బాయి ఉన్నాడు. వాళ్ళ నాన్నకి బోలెడు లారీలు. సొంత వ్యాపారమంటే రాజా బతుకురా అని కొడుక్కి చెప్పని రోజు లేదట. ఆ అబ్బాయే అందరికంటే ముందు ఉద్యోగానికి ఒప్పుకున్నాడు. ఎందుకురా అంటే, ఫోన్ మోగితే మా నాన్న ఉలిక్కిపడతాడు మేడం, అన్నాడు.”

చిటపటలు లేచి వచ్చేశాడు. తిరిగి వచ్చేటప్పుడు మెట్ల దగ్గర తట్టింది ఆయనకు: మాట్లాడుతున్నంతసేపూ తన చేతులు ఊరుకోలేదు. ఆ మూలనున్న గొడుగు ఎప్పుడు ఒళ్ళోకి తీసుకున్నాడో, వంగిన పుల్ల ఎప్పుడు సరిచేశాడో, బయల్దేరుతూ ఎప్పుడు గోడకానించి వచ్చాడో ఆయనకే తెలియదు. కడిగేద్దామని వెళ్ళి, ఊరికే పని చేసిపెట్టి వచ్చాడు.

కొట్టుకు చేరేసరికి కూతురు అక్కడే ఉంది. పక్కన ఆ లారీల అబ్బాయి. తలుపులో వంగి దూరవలసినంత పొడుగు. పిల్లలంతా వాణ్ణి ‘నిచ్చెన’ అంటారు.

“బాబాయ్, నమస్తే. అటక ఎక్కడానికి నన్ను పిలిచింది. నిచ్చెన కొనే ఖర్చు తప్పుతుందట” అన్నాడు.

“నువ్వు ఉద్యోగానికి ఒప్పుకున్నావటగా? మరి దీన్నెందుకు చెడగొడుతున్నావ్?”

“నేను చెడగొట్టడమా? మీ అమ్మాయిని చెడగొట్టాలంటే ముందు మాట్లాడే సందివ్వాలి కదా బాబాయ్!”

ఆయనకు నవ్వొచ్చింది. ఆ నవ్వు మింగి, కూతురితో బేరం పెట్టాడు. రేపు శుక్రవారం వానంటున్నారు. గొడుగులు తీసుకెళ్ళి గేటు దగ్గర ఇవ్వు. ఆదివారం చీకటిపడేలోగా ఇచ్చినవాటిలో సగం కంటే ఎక్కువ తిరిగొస్తే నీ ఇష్టం. రాకపోతే సోమవారం పొద్దున నోరు మూసుకుని ఉద్యోగానికి సరేనను.

“మాటంటే మాటేనా?” అంది అమ్మాయి.

“మాటే.”

మాట ఇచ్చాడు గానీ, గెలుపును అదృష్టానికి వదిలేంత అమాయకుడు కాడు. అటక మీద రెండు గుట్టలున్నాయి. ఒకటి బాగుచేసి ఉంచినవి. రెండోది, ‘రేపొచ్చి చెప్తాను, అప్పుడు చెయ్యి’ అని ఇచ్చి రేపటిలోనే ఉండిపోయినవాళ్ళవి. వీటిలో ఒకటి తెరుచుకుంటే మూసుకోదు, మూసుకుంటే తెరుచుకోదు. ఆయన ఉపాయం సులువైనదే: పిల్లలకు రెండో గుట్ట ఇచ్చేస్తే సరి. గాలి ఒక్కసారి కొట్టగానే అన్నీ బోర్లా తిరుగుతాయి. తిరగబడ్డ గొడుగును ఏ బుద్ధున్నవాడూ మోసుకుని తిరిగి తీసుకురాడు, దారిలో పారేస్తాడు. సాయంత్రానికల్లా పిల్ల పిచ్చి దిగుతుంది. పెద్ద కంపెనీ, కుర్చీ, ఫ్యాను. ఇందులో తప్పేముంది? కన్నతండ్రి కాక ఇంకెవడు చేస్తాడీ మోసం?

పిల్లల్ని క్లాసులకు పంపేసి, మధ్యాహ్నం కొట్టు తలుపు సగం దించి, రెండో గుట్టను కిందికి దింపాడు. పైపైన దుమ్ము తుడిచి చుట్టి కట్టేస్తే చాలనుకున్నాడు.

మొదటిది చేతిలోకి తీసుకున్నాడు. పుల్ల కీలులోంచి ఊడి వేలాడుతోంది. ఇదెవరి కంట్లోనైనా గుచ్చుకుంటే పాపం మనకెందుకని, అదొక్కటి సరిచేశాడు. రెండోదానికి స్ప్రింగు తుప్పు. ఒక్క చుక్క నూనె వేస్తే పోయేదానికి అలా ఇవ్వడం మరీ సిగ్గుచేటనిపించి, వేశాడు. మూడోదాని పిడి వదులైంది. పిడి ఊడిన గొడుగు పట్టుకుని నడిచేవాణ్ణి చూసి నలుగురూ నవ్వితే నవ్వేది వాణ్ణి కాదు, బాగుచేసినవాణ్ణి. బిగించాడు. దాన్ని తెరిచి చూశాడు, మూసి చూశాడు. టప్‌మని తెరుచుకుంది, బుద్ధిగా మూసుకుంది. నాలుగోది చేతిలోకి తీసుకునేసరికి ఆయనకు తన ఉపాయం సంగతే గుర్తులేదు.

ఆయన భార్య బడిపిల్లలకు వానకోట్లు కుడుతుంది. ఆ సాయంత్రం దారాల కోసం బజారుకొచ్చి, కొట్టు తలుపు సగం దించి ఉండడం చూసి ఒంట్లో బాగాలేదేమోనని గాభరాగా వంగి లోపలికి చూసింది. ఈల వినబడింది. ఈల వేస్తున్న మనిషి చుట్టూ గొడుగులు విచ్చుకుని, నేల కనిపించడం లేదు.

“ఏమండీ, ఏం చేస్తున్నారు?”

ఈల ఆగింది. దొరికిపోయిన దొంగకు కూడా అంత తడబాటు ఉండదు. “పాడైనవి ఇద్దామని...” అని మొదలుపెట్టి, చేతిలో ఉన్నదాన్ని చూసుకుని, ఆగిపోయాడు.

ఆవిడకు ఒక్క క్షణం పట్టింది అర్థం కావడానికి. తర్వాత గోడ పట్టుకుని నవ్వింది, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా. “పిల్లను ముంచుదామని కూర్చుని ఓడ కట్టిపెట్టారా! మీ చేతులకు మీ మాట వినడం ఎప్పుడొచ్చింది గనక?”

“నవ్వింది చాల్లే. ఈ గుడ్డలన్నీ చిరుగులు. వీటినేం చెయ్యాలి?”

“చిరుగులతోనే ఇవ్వండి. ముంచాలనేగా మీ ఏడుపు?”

“చిరిగిన గొడుగు నా కొట్లోంచి బయటికి పోతుందా? బుద్ధుండే మాట్లాడుతున్నావా?”

ఆవిడ ఇంటికెళ్ళి వానకోట్లు కుట్టగా మిగిలిన పసుపుపచ్చ గుడ్డ తెచ్చింది. నల్ల గొడుగుల మీద చిరుగున్న చోటల్లా పసుపుపచ్చ ముక్క పడింది. చిరుగు లేనివాటి మీద కూడా ఒక్కో ముక్క వేసింది, పంక్తిలో వేరుగా ఉండకూడదని.

శుక్రవారం వాన మాట నిలబెట్టుకుంది. చిటపటలు కొట్టు గడపలో నిలబడి చూస్తుండగా వీధి చివర్నుంచి ఒక పసుపుపచ్చ ముక్క వచ్చింది. దాని వెనక రెండు. తర్వాత బస్సు దిగిన గుంపులో ఎన్నో చెప్పలేనన్ని. నల్లటి వానలో దీపాలు నడిచి వెళ్తున్నట్టు ఉంది. గాలి ఒక్క విసురు విసిరింది. గొడుగులన్నీ ఒక పక్కకు వాలాయి. ఒక్కటీ తిరగబడలేదు.

“చూశావా!” అన్నాడాయన పక్కనున్న టీ కొట్టువాడి భుజం గుద్ది. “ఒక్కటి, ఒక్కటి తిరగబడిందేమో చూపించు!”

“నువ్వు గెలవాలంటే తిరగబడాలన్నావ్ కదా నిన్న?” అన్నాడు టీ కొట్టువాడు.

ఆయన వినిపించుకోలేదు.

శనివారం ఎండ కాసింది. గొడుగులన్నీ ఏమయ్యాయో ఏమో, ఒకటీ అరా తప్ప తిరిగి రాలేదు. అమ్మాయి గేటు దగ్గర ఖాళీ బల్ల వెనక కూర్చుని సాయంత్రం ఎర్రబడిన మొహంతో వచ్చింది. అది ఎండకో, ఏడుపుకో తండ్రి అడగలేదు.

ఆదివారం ఆయన రెండుసార్లు దువ్వుకుని, మామూలు కంటే ముందే కొట్టు తెరిచాడు. మధ్యాహ్నమైంది. అమ్మాయి గడ్డం చేతిలో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. నిచ్చెన వీధి మలుపుదాకా వెళ్ళి, అందరి తలల మీదుగా చూసి, ఉత్త చేతులూపుతూ వచ్చాడు.

న్యాయంగా అయితే చిటపటలు లోలోపల సంబరపడాలి. ఇంకో పూట గడిస్తే పిల్ల ఉద్యోగస్తురాలు. ఆయన మాత్రం గుమ్మంలోకీ లోపలికీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

“బుద్ధిలేని జనం! అంత పని చేసిచ్చానే! ఆ కీళ్ళు, ఆ స్ప్రింగులు... తెచ్చివ్వడానికేం రోగం?”

“పోన్లే నాన్నా” అంది అమ్మాయి నీరసంగా. “ఓడిపోయాను. రేపు సరేనని చెప్పేస్తాలే.”

“ఇంకా చీకటి పడలేదే! అప్పుడే ఓడిపోవడమేంటి? కొట్టన్నాక కూర్చోవాలి. ఎదురుచూడ్డమే సగం వ్యాపారం. ఏం నేర్చుకున్నావ్ ఇన్నాళ్ళూ నన్ను చూసి?”

అన్నాక ఆయనకే వినబడింది తానేమన్నాడో. కూతురు తలెత్తి చూసింది. ఆయన గబుక్కున వెనక్కి తిరిగి, లేని పనేదో వెతుక్కున్నాడు.

అప్పుడొచ్చింది మొదటి పిల్ల. హాస్టల్లో ఉండే పిల్ల. ఒక చేతిలో పసుపు ముక్క గొడుగు, రెండో చేతిలో నడుం విరిగిన ఎర్ర గొడుగు.

“అంకుల్, ఇది మీది. ఇది నాది. నిన్ననే తెచ్చిద్దామనుకున్నా గానీ, ఇది పెట్టెలో అడుగున పడుంది, వెతికేసరికి రోజు గడిచిపోయింది. నాదాన్ని కూడా మీదానిలా టప్‌మని తెరుచుకునేట్టు చేస్తారా?”

ఆయన ఎర్ర గొడుగు అందుకుని, “దీంతో ఎవర్నైనా కొట్టావా?” అన్నాడు.

“మా అన్నయ్యని.”

“మంచి పనే. కూర్చో.”

ఆ పిల్ల వెనకే ఇద్దరు. వాళ్ళ వెనక ఇంకొందరు. అందరి చేతుల్లోనూ రెండేసి: ఇవ్వవలసినదొకటి, ఇంట్లో మూల వెతికి పట్టుకొచ్చిన విరిగినదొకటి. ఇంత చక్కగా తెరుచుకునే గొడుగు పట్టుకుని నడిచాక సొంత గొడుగు ఎవరికీ నచ్చలేదు. నిన్నంతా వాళ్ళకు పట్టింది ఆ వెతుకులాటకే. నిచ్చెన లెక్కపెడుతూ పెడుతూ, వేళ్ళు చాలక మానేసి, అటక మీదికి అందించడం మొదలుపెట్టాడు.

చీకటి పడబోతుండగా ఒక ముసలావిడ వచ్చింది, ఎప్పుడో పదవీ విరమణ చేసిన పంతులమ్మ. చేతిలో పసుపు ముక్క గొడుగును తుపాకీలా ఆయనకు గురిపెట్టింది.

“మా మనవడు కాలేజీ గేటు దగ్గర తీసుకున్నాడట. తిరిగిచ్చి రారా అంటే బద్ధకం, సరే నేనే ఇద్దామని బయల్దేరా. పిడి పట్టుకుని చూద్దును కదా, మా కుక్క కొరికిన గాటు! ఇది నా గొడుగయ్యా!”

“మీదే! ఎన్నిసార్లు కబురు పెట్టాను, వచ్చి ఏం చెయ్యాలో చెప్పండని!” అన్నాడాయన, ఏళ్ళ తరబడి దాచుకున్న కోపమంతా ఒక్కసారిగా బయటపెట్టి. వెంటనే కొట్టులో అందరి వైపూ తిరిగి, “చెప్పలేదూ? వస్తారని చెప్పలేదూ?” అన్నాడు, మొహం వెలిగిపోతుండగా.

“వాన పడ్డప్పుడు గుర్తొచ్చేది, వెలిసేసరికి మర్చిపోయేదాన్ని. ఏం చెయ్యను?”

“సరే తీసుకెళ్ళండి. మీ సొమ్ము.”

ఆవిడ గొడుగు తెరిచి పసుపు ముక్క కేసి చూసి, మూసింది. “వద్దులే. ఇంట్లో పెడితే మళ్ళీ మూల పడుంటుంది. తిరగనీ ఇలాగే. నాక్కావలసినప్పుడు వీటిలోంచే ఒకటి తీసుకుంటా. ఆ పిల్ల ఎవరు, మీ అమ్మాయా? నీకంటే మంచి మొహం.”

ఆవిడ వెళ్ళాక కొట్టులో కాలు పెట్టే చోటు లేదు. బాగుచెయ్యవలసినవి బల్ల మీద, కింద, స్టూళ్ళ మీద, నిచ్చెన చంకల్లో. భార్య కూడా వచ్చి సూదిలో దారం ఎక్కించుకుంటోంది. చిటపటలు పళ్ళ మధ్య పిన్ను పట్టుకుని, ఒళ్ళో ఎర్ర గొడుగు పెట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా పని చేస్తున్నాడు.

“నాన్నా” అంది అమ్మాయి మెల్లగా. “సగం ఎప్పుడో దాటింది. మరి రేపు పొద్దున ఆ కంపెనీకి...”

“ఏ కంపెనీ?” అని గదిమాడు పిన్ను తీసి. “ఇంత పని నా నెత్తిన పెట్టి కంపెనీ అంటావేంటి? ఎవడు చేస్తాడు ఇదంతా? ఆ పట్టకారు ఇలా అందుకో. అలా కాదు, కీలు దగ్గర పట్టు. ఆఁ, అలా.”

“బాబాయ్, నాక్కూడా ఉద్యోగం వద్దనిపిస్తోంది” అన్నాడు నిచ్చెన అటక మీంచి.

“నోర్ముయ్‌రా. ఆ గోల మీ నాన్నతో పెట్టుకో. రోజూ తిట్టే నాన్న ఉంటే వేరు, నీకా అదృష్టం లేదు.”

బయట చినుకులు మళ్ళీ మొదలయ్యాయి. ఆ చప్పుడు మధ్య సన్నగా ఈల వినబడింది. తల్లీ కూతురూ ఒకరినొకరు చూసుకుని పెదవులు బిగబట్టారు.

“ఏంటా నవ్వు?” అన్నాడాయన తలెత్తి. “రేపు పొద్దున్నే రావాలి, చెప్తున్నా. తీరిగ్గా ఎండెక్కాక వస్తే ఊరుకోను. ఇది ఎవడి బాబు కొట్టనుకున్నావ్?”

“మా బాబుదే” అంది అమ్మాయి, పట్టకారు బిగించి పడుతూ.